బోణీ కాని ఓటీపీ

చంద్రశేఖరం ఎరువుల కొట్లో పొద్దున్నే మూడు వస్తువులకి బొట్టు పెడతారు. గల్లాపెట్టెకి, కాటాకి, ఫోనుకి.

ఫోనుకి బొట్టేంటని ఆ ఊళ్ళో ఎవరూ నవ్వరు. తిరువూరు శివారున, విస్సన్నపేట రోడ్డు వారగా ఉన్న ఆ ఊరి ఆధార్ కార్డుల్లో సగం ఆ ఫోను నంబరుకే కట్టేసి ఉన్నాయి. పింఛనుకి ఓటీపీ కావాలన్నా, బ్యాంకు ఖాతాకి కావాలన్నా, పంట నమోదుకి కావాలన్నా ముందు షావుకారు గారి కొట్లో టింగుమనాలి. అప్పట్లో ఆధార్ వాళ్ళు ఈ కొట్టు అరుగు మీదే టేబులు వేసుకుని కూచున్నారు. "ఫోన్ నంబరు?" అనడిగితే జనం తెల్లమొహాలు వేశారు. "నాది రాయవయ్యా, నేనెక్కడికి పోతాను?" అన్నాడు చంద్రశేఖరం. మంచితనంతోనే అన్నాడు, అందులో అనుమానం లేదు. ఆ తర్వాత ఊళ్ళో ఇంటింటికీ ఫోన్లొచ్చాయి. నంబరు మాత్రం అదే ఉండిపోయింది.

ఆ ఫోనులో వచ్చినవి చదివేది ఆయన భార్య శ్యామలాదేవి. కళ్ళజోడు పెట్టుకుంటే ముసలాడిలా కనపడతానని చంద్రశేఖరం దాన్ని సొరుగులోంచి తీయడు. మెసేజిలో మనిషి పేరుండదు, ఆధార్ చివరి నాలుగంకెలే ఉంటాయి. అవి చూసి "ఇది అంతోనమ్మది, ఇది పూజారి గారి కోడలిది" అని శ్యామలాదేవి చెప్పేస్తుంది. ఏ పెళ్ళికి వెళ్ళినా ఎదురొచ్చే మనిషి మొహం కన్నా ముందు ఆ నాలుగంకెలే గుర్తొస్తాయామెకి. "ఊరు ఊరంతా మన నంబరు మీదే నడుస్తోందే" అని చెల్లెలితో ఫోన్లో చెప్పుకుని మురిసిపోయేది. ఆ ఫోను కూడా అదే అనుకోండి.

ఆ బుధవారం కొట్టు ముందు చల్లిన నీళ్ళు ఇంకా ఆరలేదు. శ్యామలాదేవి ఫోనుకి కుంకుమ అద్దుతుంటే అది చేతిలోనే టింగుమంది. అంకెలు చూసింది. శివపార్వతిది. ఆరంకెల ఓటీపీ చదివి నోరు తెరిచేలోపు చంద్రశేఖరం ఫోను అందుకుని, కాటా పక్కనున్న ఇత్తడి పళ్ళెంలో బోర్లించాడు.

"లోపలికెళ్ళు" అన్నాడు.

కొట్టుకీ ఇంటికీ మధ్య వేలాడే కర్టెన్ వెనక్కి వెళ్ళి నిలబడిందామె.

శివపార్వతి అప్పటికే రోడ్డు దాటి వస్తోంది. చెవి దగ్గర బటన్ ఫోను, రెండో చేత్తో కొంగు. మొన్నటి ఈదురుగాలికి ఆమె మామిడితోట నేలపాలైంది. పసుపుకుంకుమల కింద పుట్టింటివాళ్ళిచ్చిన తోట, పట్టా ఆమె పేరునే ఉంది.

"షావుకారు గారూ, సచివాలయం నుంచి రుచితమ్మ ఓటీపీ పంపిందంట. వచ్చిందాండీ?"

"వచ్చింది. వస్తే? ఇంకా బోణీ కాలేదు."

శివపార్వతికి అర్థం కాలేదు. "బోణీకీ దానికీ ఏంటండీ సంబంధం?"

"బోణీ కాకుండా కొట్లోంచి చిల్లిగవ్వ కూడా ఊరికే బయటికి ఇవ్వం. మా నాన్నగారి నాటి ఆనవాయితీ. నిప్పడిగినా ఇవ్వం."

"నష్టపరిహారం లిస్టుకండీ! శనివారంతో ఆఖరంట. వేలిముద్ర వేద్దామంటే నా వేళ్ళు పడట్లా. చూడండి." కుడిచెయ్యి చాపింది. ఏళ్ళ తరబడి మామిడి సొన కాల్చిన వేళ్ళు, కొసలు నున్నగా, అరగదీసిన చందనపు చెక్కల్లా ఉన్నాయి. "ఓటీపీ ఒక్కటే దారంటుంది ఆ పిల్ల. అది కూడా పది నిమిషాలే ఉంటదంట."

చంద్రశేఖరం కాటా పళ్ళేన్ని గుడ్డతో తుడుస్తున్నాడు. తుడిచిందే తుడుస్తున్నాడు.

"అయితే నేనే బోణీ చేస్తా. ఓ పురికొస ఉండ ఇవ్వండి."

"మామిడి కవర్లు విస్సన్నపేటలో కొన్నదానివి, ఆ పురికొస కూడా అక్కడే కొనుక్కోవాల్సింది కదమ్మా."

అదీ సంగతి. కాయలకి తొడిగే కాయితం కవర్లు ఈ ఏడు ఆమె ఈ కొట్లో కొనలేదు. వానకి ఇక్కడివి చిరిగిపోతున్నాయని వేరేచోట తెచ్చుకుంది.

శివపార్వతి చేతిలో డబ్బులు అలాగే ఉన్నాయి. "ఆ కవర్లతో సహా రాలిపోయినయ్యండీ కాయలు" అంది నెమ్మదిగా.

చెవి దగ్గర ఫోనులోంచి రుచిత గొంతు సన్నగా బయటికి వినిపిస్తోంది. "ఆంటీ... ఆంటీ, చెప్పండి. టైమైపోతోంది."

శివపార్వతి చూపు చంద్రశేఖరాన్ని దాటి కర్టెన్ మీద పడింది. కింద శ్యామలాదేవి పాదాలు కనిపిస్తూనే ఉన్నాయి, మట్టెలతో సహా. ఆ ఆరంకెలూ శ్యామలాదేవి నాలుక మీదే ఉన్నాయి. కర్టెన్ అంచు పట్టుకుంది. వదిలింది. మళ్ళీ పట్టుకుంది.

"ఎక్స్‌పైర్ అయిపోయింది ఆంటీ" అంది ఫోను. "ఇంకోటి పంపనా?"

"వద్దులేమ్మా" అంది శివపార్వతి. "ఇక్కడింకా బోణీ కాలేదంట."

ఫోను నడుము దగ్గర దోపుకుని వెళ్ళిపోయింది. ఒక్కసారైనా వెనక్కి చూడలేదు.

ఆమె మలుపు తిరిగిందో లేదో, ఎవరో జింకు పాకెట్టు కోసం వచ్చారు. చంద్రశేఖరం ఆ డబ్బులు కళ్ళకద్దుకుని గల్లాలో వేశాడు. పళ్ళెంలో ఫోను తిప్పి పెట్టాడు.

"ఆఁ, ఇప్పుడు చెప్పు ఆవిడకి. వచ్చి తీసుకోమను."

"ఏం తీసుకుంటుందండీ? అది చచ్చిపోయింది" అంది శ్యామలాదేవి.

*

మధ్యాహ్నం అన్నంలోకి మామిడికాయ పప్పు. రాలిన కాయలు ఊరంతా పంచుతున్నారు, ఏ ఇంట చూసినా అదే పప్పు. చంద్రశేఖరం రెండోసారి వడ్డించుకున్నాడు.

"సాయంత్రం మళ్ళీ పంపించమంటాను. చెబుతారా?" అంది శ్యామలాదేవి.

"వచ్చి అడగమను. విస్సన్నపేట మీంచి చుట్టూ తిరిగి కాదు, తిన్నగా వచ్చి అడగమను."

"ఆవిడకి రావలసింది ఆవిడ అడుక్కోవాలా?"

ఆయన తినడం ఆపాడు. కోపం రాలేదు, నొచ్చుకున్నాడు. "ఇన్నేళ్ళు పైసా తీసుకోకుండా చేశాం. అన్నం తింటూ లేచి చెప్పాం. మరి ఆ విశ్వాసం ఉండొద్దా? ఊరికే వచ్చేదంటే లోకువ, శ్యామలా. ఈ నంబరు లేకపోతే వీళ్ళ బతుకులేంటో ఒక్కసారి తెలియాలి."

చెయ్యి కడుక్కుని, ఫోను పళ్ళెంలోంచి తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. పెళ్ళయిన నాటి నుంచి ఆయన కొట్టు తాళాలు ఆమె దగ్గర దాచలేదు, గల్లా దాచలేదు. ఫోను జేబులోకి వెళ్ళడం ఇదే మొదలు. శ్యామలాదేవి ఎంగిలి కంచం పట్టుకుని ఆ జేబు వంకే చూస్తూ నిలబడింది.

సాయంత్రం మల్లెపూలకని చెప్పి బయల్దేరి సచివాలయం మెట్లెక్కింది. డిజిటల్ అసిస్టెంటు రుచిత వేలిముద్రల మిషను అద్దాన్ని చున్నీతో తుడుస్తోంది.

"రండాంటీ. నేను బీటెక్ చదివింది ఈ అద్దం తుడవడానికేనని మా నాన్న పూర్తిగా కన్ఫర్మ్ అయిపోయారు."

శ్యామలాదేవి కుర్చీ అంచున కూచుంది. "అమ్మాయ్, పొద్దున ఆ ఓటీపీ... నేను చూశాను. చెప్పలేకపోయాను."

రుచిత తుడవడం ఆపింది. ఓదార్చలేదు, తప్పుపట్టలేదు. "ఆ మెసేజి చివర ఇంగ్లీషులో ఓ లైనుంటుంది, గమనించారా ఎప్పుడైనా?"

"ఉంటుంది. ప్రతి దాంట్లోనూ ఉంటుంది. నమస్కారం లాంటిదేమోనని వదిలేస్తా."

"ఈ నంబరు ఎవ్వరికీ చెప్పకండి అని రాసుంటుందది."

శ్యామలాదేవికి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక బుగ్గ మీద చెయ్యి వేసుకుంది. "ఓరి దేవుడా! నేను రోడ్డవతలి వాళ్ళక్కూడా వినపడేట్టు చదివేదాన్ని కదే!"

"ఇక్కడిదాకా వినపడేది ఆంటీ. ఒక్కోసారి వాళ్ళు ఫోన్లో చెప్పేలోపే మీ గొంతు విని టైపు చేసేసేదాన్ని."

ఇద్దరూ నవ్వారు. నవ్వు ముందు శ్యామలాదేవి మొహంలోనే ఆగింది.

"దీనికి దారేంటి?"

"దారుంది. శివపార్వతాంటీకి సొంత ఫోనుంది. ఆధార్‌కి ఆ నంబరు ఎక్కించుకుంటే చాలు, ఇంక ఎవరి గుమ్మం ముందూ నిలబడక్కర్లేదు. నా దగ్గర వేళ్ళ మిషనొక్కటే ఉంది. తిరువూరు సెంటర్లో అయితే కంటి మిషనుంటుంది. రేపే వెళ్ళాలి. నంబరు ఎక్కడం ఒక్కోసారి ఒక రోజులో అయిపోద్ది, ఒక్కోసారి వారం. శనివారం లోపు ఎక్కితే అదృష్టం." ఆగి అడిగింది. "మరి మీ ఆధార్‌కి ఏ నంబరుంది ఆంటీ?"

"మన కొట్టు నంబరే."

"అది అంకుల్ నంబరు కదా. మీది?"

శ్యామలాదేవి జవాబు చెప్పబోయి ఆగింది. ఇంట్లో ఉన్న ఫోను అదొక్కటే. అది మధ్యాహ్నం నుంచీ జేబులో ఉంది.

"అయితే మీక్కూడా లేదన్నమాట" అంది రుచిత, మిషను మూత పెడుతూ.

మల్లెపూలు కొనడం మర్చిపోయి ఇల్లు చేరింది శ్యామలాదేవి.

*

గురువారం ఎండ ఎక్కకముందే శ్యామలాదేవి శివపార్వతి తోటకి వెళ్ళింది. చెట్ల కింద ఆకులు కనపడలేదు, కాయలే. కవర్లు తొడుక్కున్న బంగినపల్లి కాయలు వానకి తడిసి, గోధుమరంగు మూటల్లా పడి ఉన్నాయి. గట్టు మీద గోనెపట్టా పరిచి శివపార్వతి, అంతోనమ్మ పనికొచ్చే కాయల్ని ఒరుగులకి కోస్తున్నారు. కత్తిపీట మీద కాయ పెట్టగానే రెండు చెక్కలవుతోంది, టెంక ఒక పక్కకి, ముక్క ఇంకో పక్కకి. వాళ్ళు తలెత్తకుండానే ఎవరొచ్చారో తెలుసుకున్నారు.

"ఏం వదినగారూ, పొద్దున్నే ఇటొచ్చారు? బోణీ అయిందా?" అంది శివపార్వతి.

శ్యామలాదేవి ఆ మాట పడింది. పడాల్సిందేననుకుంది. చీర కుచ్చిళ్ళు పైకి దోపి, పట్టా మీద కూచుని, ఒక కాయ తీసుకుని తొక్క చెక్కడం మొదలుపెట్టింది.

"సొన అంటుద్ది, మీకెందుకండీ" అంది అంతోనమ్మ.

"అంటనీ."

కత్తిపీటల మీద ఇంకో రెండు కాయలు తెగాయి.

"నిన్న నీ కాళ్ళు కనపడినయ్ నాకు" అంది శివపార్వతి ఉన్నట్టుండి. "గారు" పోయింది, "మీరు" పోయింది. "కాళ్ళు కనపడినంత మాత్రాన నోరు లేస్తదని అనుకున్నా చూడూ, నాదీ తప్పు."

"నీది కాదు."

"మరి?"

"ఆ నంబరు మాదని నీలుగుతూ ఉన్నాను ఇన్నాళ్ళూ. అది నాది కాదని నిన్న తెలిసింది." శ్యామలాదేవి చెక్కిన కాయ శివపార్వతి ముందు పెట్టింది. "తిరువూరు పోదాం పద, ఇవాళే. నీ నంబరు నీ కార్డుకి ఎక్కిద్దాం. వేళ్ళు పడకపోతే కళ్ళతో తీస్తారంట."

"మీ ఆయనో?"

"మా ఆయన సంగతి నాకొదిలేయ్."

శివపార్వతి కత్తిపీట మీదనుంచి లేవలేదు. ఆ కాయని అటూ ఇటూ తిప్పి చూసింది. "తొక్క ఇంత మందంగానా చెక్కేది? సగం కాయ పోయింది" అని, దాన్ని పీటకి పెట్టి టక్కున రెండు చేసింది. అప్పుడు లేచి చేతులు కడుక్కుంది.

"నేనూ వస్తా" అంది అంతోనమ్మ. "నా ఉపాధి కూలి పడిందని నాకంటే ముందు షావుకారు గారికి తెలుస్తంది. 'డబ్బులు పడ్డయ్ గా, ఇంక కొనవా?' అని అడుగుతారు. నాకు సిగ్గేస్తది."

ఆ మాట శ్యామలాదేవికి సొనకంటే ఎక్కువ మండింది. ఆ మెసేజులు చదివి చెప్పింది తనే.

ఆటో మలుపు దగ్గరికొచ్చేసరికి కబురు వాళ్ళకంటే ముందే చేరిపోయింది. ఇంకో నలుగురు కార్డులు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆటో డ్రైవరు చరణ్ తల గోక్కున్నాడు. "పెళ్ళేమన్నా ఉందా పిన్నిగారూ?"

"ఉంది. నువ్వు పోనీ" అంది శ్యామలాదేవి.

*

తిరువూరు బస్టాండు పక్కన ముందు ఫోన్ల కొట్టు దగ్గర దిగారు. శ్యామలాదేవి ఒక ఎర్ర బటన్ ఫోను ఏరుకుంది. కొట్టతను ప్రేమ్ కిరణ్ ఆమెని గోడకి ఆనించి నిలబెట్టి ఫొటో తీశాడు. సిమ్ము కోసం ఫారం నింపుతూ అడిగాడు.

"ఇంకో నంబరేదైనా చెప్పండి మేడమ్. దానికి ఓటీపీ వస్తది, అది చెప్తేనే సిమ్మిస్తా."

శ్యామలాదేవి నోరు అలవాటు కొద్దీ కొట్టు నంబరు మొదలెట్టింది. రెండంకెల దగ్గర టక్కున ఆగిపోయింది. సొంత నంబరు తెచ్చుకోవడానికి కూడా ముందు ఇంకో నంబరుండాలి. చూపు శివపార్వతి వైపు తిరిగింది.

"నాది రాయవయ్యా. నేనెక్కడికి పోతాను?" అంది శివపార్వతి.

బటన్ ఫోను టింగుమంది. అందరూ ఆమె వైపు చూశారు. ఆమె ఫోను తీసి, దూరంగా పట్టుకుని, అంకెలన్నీ మనసులో చదువుకుంది. తర్వాత బోర్లించి అరచేతిలో పెట్టుకుంది.

"చెప్పు" అంది శ్యామలాదేవి.

"వచ్చింది. వస్తే?" శివపార్వతి అచ్చం చంద్రశేఖరంలా గొంతు పెట్టింది. "ఇంకా బోణీ కాలేదు."

అంతోనమ్మ ఫక్కుమంది. వెనక ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. కొట్టతనికి ఏమీ అర్థం కాక "బోణీ అయిందమ్మా, పొద్దున్నే అయింది" అన్నాడు. దాంతో ఎవ్వరూ ఆగలేదు. శ్యామలాదేవి నవ్వీ నవ్వీ కళ్ళనీళ్ళు తుడుచుకుంది. ఆ నీళ్ళలో ఎంత నవ్వో ఎంత ఇంకోటో శివపార్వతికి తెలిసినట్టే ఉంది. దగ్గరికొచ్చి చెవిలో ఆరంకెలూ చెప్పింది.

ఆధార్ సెంటర్లో వరస కదలడానికి చాలాసేపు పట్టింది. కరెంటు పోయింది, వచ్చింది. ఆపరేటరు రిబ్కా గొంతు పొద్దుట్నుంచీ అవే ప్రశ్నలడిగి బొంగురుపోయింది. శివపార్వతి చేత వేళ్ళు అద్దం మీద పెట్టించింది, నొక్కించింది, తడిగుడ్డతో తుడిపించి మళ్ళీ పెట్టించింది. పడలేదు. అప్పుడు రెండు కళ్ళకీ ఆనించే పెట్టె ఒకటి తీసి ఇచ్చింది.

"ఇందులోకి చూడండమ్మా. రెప్ప వెయ్యకూడదు."

"ఆ గాలివాన రోజు నుంచీ వెయ్యట్లేదులే తల్లీ" అంది శివపార్వతి.

ఒక్కసారికే పడింది.

శ్యామలాదేవి వంతు వచ్చింది. బీరువాలోంచి తెచ్చిన కార్డు బల్ల మీద పెట్టింది. అది బయటికి తీయడమే ఎప్పుడో గానీ జరగదు. ఆమె పేరు మీద ఇంతవరకూ ఏ పనీ పడలేదు.

"నంబరు?"

సిమ్ము అట్ట చూసి ఒక్కొక్క అంకే చదివింది. ఊరందరి అంకెలూ గడగడా అప్పజెప్పే మనిషి రెండుచోట్ల తడబడింది.

"ఎవరిదండీ ఈ నంబరు? మీ వారిదా?" రిబ్కా కీబోర్డు మీంచి తలెత్తకుండానే అడిగింది. రోజూ అడిగే ప్రశ్నే.

"నాది" అంది శ్యామలాదేవి. అవసరం కన్నా గట్టిగానే అంది. వరసలో చివరి మనిషి కూడా తలెత్తి చూశాడు.

*

సాయంత్రం ఇంటికొచ్చేసరికి చంద్రశేఖరం కొట్టు అరుగు మీద కూచుని ఉన్నాడు. చరణ్ ఆటో ఆయన ముందు నుంచే వెళ్ళింది, ఆయన ముందు నుంచే తిరిగొచ్చింది.

"నాతో చెప్తే నేనే తీసుకెళ్ళేవాణ్ణిగా" అన్నాడు.

"మీతో చెప్తే బోణీ అయ్యాక చూద్దామనేవారు."

ఆయన రోడ్డు వైపు తిరిగాడు. రోడ్డవతల పిల్లలు సైకిల్ టైరు దొర్లించుకుంటూ పోతున్నారు. చివరికి, ఎప్పుడూ వాడని చిన్న గొంతుతో అడిగాడు.

"మరి ఇంక మన కొట్టుకి ఎవరొస్తారే?"

ఆ ప్రశ్నలో షావుకారు లేడు. శ్యామలాదేవికి జాలేసింది. అయినా జాలిపడి మాట తిప్పలేదు.

"కొనేవాళ్ళొస్తారు. మంచి కవర్లు తెప్పించండి."

శుక్రవారం గడ్డురోజు. సచివాలయంలో రుచిత ప్రయత్నించిన ప్రతిసారీ టింగుమన్నది చంద్రశేఖరం జేబే. ఆయన తీసి, చెయ్యి దూరంగా చాపి చూసి, "ఇంకా నా దగ్గరికే వస్తున్నాయే" అన్నాడు. గెలిచినవాడిలా అందామనే అనుకున్నాడు గానీ గొంతు సహకరించలేదు. ఆ అంకెలు అడగడానికి శివపార్వతి రాలేదు. శ్యామలాదేవి అడగలేదు. రుచిత ఊరికే ఫోన్లు చేసి విసిగించకుండా, ఇంక శనివారం పొద్దున్నే ఇద్దరి నంబర్లూ చూద్దామని కబురు పంపింది. పక్క గదిలో ఎర్ర ఫోను రోజంతా నోరు మెదపలేదు.

*

శనివారం. కొట్టు ముందు నీళ్ళు చల్లింది శ్యామలాదేవి. గల్లాపెట్టెకి బొట్టు, కాటాకి బొట్టు. చంద్రశేఖరం జేబులోంచి ఫోను తీసి పళ్ళెంలో పెట్టాడు. దానికీ పెట్టింది. బొడ్లో ఉన్న ఎర్ర ఫోనుకి పెట్టలేదు, దాన్ని పూజించాలని ఆమెకి అనిపించలేదు.

శివపార్వతి రోడ్డవతల నిలబడి ఉంది. చెవి దగ్గర బటన్ ఫోను. చంద్రశేఖరం ఆమెని చూశాడు, పళ్ళెంలో ఫోనుని చూశాడు. దాన్ని చేతిలోకి తీసుకుని సిద్ధంగా పట్టుకున్నాడు. ఈసారి ఆయన బోర్లించడానికి పట్టుకున్నాడో, చెప్పడానికి పట్టుకున్నాడో శ్యామలాదేవికి అంతు పట్టలేదు. ఆయనకైనా తెలుసో లేదో.

"పంపుతున్నా ఆంటీ" అన్న మాట రోడ్డు దాటి వినపడింది.

పళ్ళెం పక్కన నిశ్శబ్దం. చంద్రశేఖరం ఫోనుని చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు, గడియారం ఆగిందేమో చూసినట్టు.

టింగ్.

రోడ్డవతల. శివపార్వతి ఉలిక్కిపడి ఫోను కిందికి దించి చూసింది. పెదవులు కదిలాయి. కొట్టు వైపు వీపు తిప్పి, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, గుసగుసగా అంకెలు చెప్పింది. ఊళ్ళో ఒక ఓటీపీని రహస్యంగా చెప్పడం బహుశా అదే మొదటిసారి. తర్వాత కదలకుండా నిలబడింది.

"ఎక్కింది ఆంటీ! లిస్టులో ఎక్కారు!" రుచిత అరుపు ఫోనులోంచి వచ్చిందో, నేరుగా సచివాలయం కిటికీలోంచే వచ్చిందో తెలియదు. 

శివపార్వతి ఫోను నడుము దగ్గర దోపుకుంది. కొంగు సర్దుకుని, రోడ్డు దాటి, కొట్టు ముందుకొచ్చి నిలబడింది. చంద్రశేఖరం చూపు కాటా మీదికి దించుకున్నాడు.

"ఓ పురికొస ఉండ ఇవ్వండి షావుకారు గారూ. బోణీ."

ఆయన లేచాడు. వేలాడదీసిన వాటిలోంచి ఒకటి తెంపి, ఇంకోటి చూసి, మొదటిది వదిలేసి పెద్దది ఇచ్చాడు. ఆమె ఇచ్చిన డబ్బులు తీసుకున్నాడు. ఒక్క క్షణం ఆగి కళ్ళకద్దుకున్నాడు. ఎప్పుడూ అద్దుకునేదానికంటే కాస్త ఎక్కువసేపే.

"వచ్చే ఏడు కవర్లు మంచివి తెప్పిస్తున్నా" అన్నాడు, డబ్బులు గల్లాలో వేస్తూ.

"తెప్పించండి. చూసి కొంటా" అంది శివపార్వతి.

అప్పుడు శ్యామలాదేవి నడుము దగ్గర టింగుమంది.

ఎర్ర ఫోను తీసి చూసింది. ఆరంకెలు, వాటి ముందు ఆధార్ చివరి నాలుగంకెలు. ఆ నాలుగూ ఎవరివో గుర్తుకురాలేదు. ఊరంతా మనసులో ఓ చుట్టు చుట్టొచ్చింది. అంతోనమ్మవి కావు, పూజారి గారి కోడలివి కావు. ఆ ఊళ్ళో ఆమెకి తెలియని అంకెలు ఒక్కరివే మిగిలాయి.

"ఎవరిది?" అన్నాడు చంద్రశేఖరం, అలవాటు కొద్దీ.

"నాది."

"ఏదీ, చదువు."

శ్యామలాదేవి చదవలేదు. ఆరంకెల మీద బొటనవేలు అడ్డం పెట్టి, ఫోను ఆయన ముందుకి చాపింది. "ఆ కింది లైను చదవండి."

ఆయన కళ్ళు చికిలించాడు. అక్షరాలు అందలేదు. శివపార్వతి ఎదురుగా ఉందని తెలిసీ, సొరుగు లాగి కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు. వంగి, ఒక్కొక్క మాటా కూడబలుక్కుని చదివాడు.

"ఇన్నాళ్ళూ ఇదుందా ఇందులో?"

"ప్రతి దాంట్లోనూ ఉంది."

కళ్ళజోడులోంచి ఆయన భార్యని చూశాడు. ఆమె బొటనవేలు ఇంకా అంకెల మీదే ఉంది. దాన్ని తీయమని ఆయన అడగలేదు.

"వెళ్ళిరా మరి" అన్నాడు. "పది నిమిషాలేగా ఉండేది."

శ్యామలాదేవి కర్టెన్ వైపు తిరగలేదు. కాటా పక్కనుంచి, కొట్టు ముందు మెట్ల మీంచి దిగి, తడి ఆరని నేల మీద అడుగులు పడుతుండగా సచివాలయం వైపు నడిచింది.